బొమ్మ రాకుంటే డబ్బా పారేయాలా?

మంచిర్యాల: ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మీద మాత్రం బొమ్మ రాదు. మరో ఇంట్లో బొమ్మ నిక్షేపంగా వస్తుంది గాని మాట పెగలదు. ఇంటి కంప్యూటరుకు పట్టే జబ్బులలో జనాన్ని ఎక్కువగా కంగారు పెట్టేవి ఈ రెండే. మంచిర్యాల, నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి ప్రాంతాలలో వీటికి తోడు మరో ఇద్దరు శత్రువులున్నారు. ఒకరు బొగ్గు దుమ్ము, రెండోవారు ఎండ.

ఒకప్పుడు ఇంట్లో కంప్యూటరు ఉండటం ముచ్చట. ఇప్పుడది పిల్లల చదువుతో ముడిపడి ఉంది. 2020లో కరోనాతో బడులు మూతపడి, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా సర్కారు పాఠాలు మొదలైనవి. సెల్‌ఫోను చిన్న తెర మీద లెక్కలు కనబడక పాత కంప్యూటరు కొన్న ఇళ్లు అప్పట్లో కొన్ని కావు. ఆ డబ్బాలలో చాలా భాగం ఈనాటికీ నడుస్తూనే ఉన్నవి. తెలంగాణ ఎంసెట్ 2018 నుంచి, జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటరు మీదనే జరుగుతున్నవి. ఇంట్లో పది నమూనా పరీక్షలు రాసిన పిల్లకు, పరీక్ష హాలులోనే మొదటిసారి మౌసు పట్టిన పిల్లకు ఎంతో తేడా ఉంటుంది. పరీక్షకు వారం ముందు తెర నల్లబడితే పోయేది ఆ వారమే.

బాయి మీద రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి నిద్ర మానుకొని, డబ్బాను మోటారు సైకిలు మీద కట్టుకొని బజారుకు పోతాడు. "పెట్టి పోండి, రెండు రోజులాగి రండి" అంటారు. తీరా చూస్తే వెనుక తీగ వదులైంది, అంతే. తీగ బిగించినందుకు మెకానిక్ డబ్బులు తీసుకోవడం తప్పు కాదు, అతని సమయానికీ ఖరీదు ఉంది. కాని ఆ రెండు రోజులను ఎవరు తిరిగి ఇస్తారు? దుకాణానికి పోయే ముందు ఇంట్లోనే చూసుకోదగినవి చాలా ఉన్నవి. స్క్రూడ్రైవరు కూడా అక్కరలేనివే వాటిలో ఎక్కువ.

తెర ఏమంటున్నదో చదవాలి

బొమ్మ రానప్పుడు మొదట చూడవలసింది మానిటరు దీపం. అసలు వెలగకపోతే దానికి కరెంటు అందడం లేదు. వెలిగి, తెర మీద "నో సిగ్నల్" అని అక్షరాలు తిరుగుతుంటే మానిటరు బాగున్నట్లే, దానికి పైనుంచి బొమ్మ అందడం లేదు. తీగ గాని, సీపీయూ గాని చూడాలి. "అవుట్ ఆఫ్ రేంజ్" అనో "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అనో వస్తే తెర తట్టుకోలేని సైజులో గాని, వేగంలో గాని బొమ్మ పంపుతున్నామన్న మాట. పిల్లలు ఆటల కోసం సెట్టింగులు మార్చిన ఇళ్లలో ఇది మామూలే. సేఫ్ మోడులో తెరిచి మార్చుకుంటే సరిపోతుంది. ఈ మూడింటికీ తేడా తెలియక మంచి మానిటరును మూల పడేసినవారున్నారు.

పాత మానిటర్లకు నీలం రంగు కొసతో, పదిహేను సూదులతో ఉండే వీజీఏ తీగ వస్తుంది. ఈ పద్ధతి 1987లో ఐబీఎం కంపెనీ తెచ్చింది. అది ఇంకా మన ఇళ్లలో బతికే ఉంది. దీనికి రెండు పక్కలా బిగించే మరలుంటాయి. చాలామంది వాటిని బిగించరు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా, బల్ల జరిపినా అది కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. అప్పుడు బొమ్మ పూర్తిగా పోదు, రంగు మారుతుంది. తెర అంతా పసుపు కమ్మితే నీలం రంగు మోసే సూది అందడం లేదు. ఊదా కలిసిన గులాబీ రంగు కమ్మితే ఆకుపచ్చ, ఆకాశ నీలం కమ్మితే ఎరుపు. తీగ ఊడదీసి, సూది ఏదైనా వంగిందేమో వెలుతురులో చూసి, తిన్నగా పెట్టి మరలు బిగిస్తే రంగులు తిరిగి వస్తాయి. సూది విరిగితే కొత్త తీగ కొనాలి. మొత్తం మానిటరు ధర ముందు దాని ఖరీదు ఏపాటిది!

ఆటల కోసం వేరుగా గ్రాఫిక్స్ కార్డు వేయించినవారి డబ్బాకు వెనుక రెండు చోట్ల తెర తీగ పెట్టే రంధ్రాలుంటాయి. పై చోట పెడితే బొమ్మ రాకపోవచ్చు. కింద అడ్డంగా ఉన్న కార్డులోనే పెట్టాలి. ఇల్లు మారినప్పుడు జరిగే పొరపాటు ఇది. సింగరేణి క్వార్టరు ఒకటి ఖాళీ చేసి మరొక దానిలో చేరినవారు ముందు దీన్ని చూసుకోవాలి.

ల్యాప్‌టాపుకు ప్రొజెక్టరో టీవీయో తగిలించి తీసిన తరువాత సొంత తెర నల్లబడటం మరొకటి. విండోస్ గుర్తున్న మీటను, పీ అక్షరాన్ని కలిపి నొక్కితే ఏ తెర మీద బొమ్మ రావాలో అడుగుతుంది. అదే విండోస్ మీటతో కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కితే బొమ్మ నడిపే భాగం మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. తెర ఒక్కసారి మిణుక్కుమని తిరిగి వస్తుంది. బిగుసుకుపోయిన తెరకు ఇది చాలాసార్లు పని చేస్తుంది.

తెర మీద నిలువు గీతలు పడితే జబ్బు తెరదా, లోపలిదా అన్నది తేల్చుకునే ఉపాయం ఒకటి ఉంది. కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ మీటతో ఆ బొమ్మను కాపీ తీసి, సెల్‌ఫోనుకు పంపి చూడాలి. ఫోనులోని బొమ్మలో కూడా గీతలుంటే తప్పు కంప్యూటరు లోపల ఉంది. ఫోనులో శుభ్రంగా ఉంటే తప్పు తెరది గాని, తీగది గాని. మానిటరు అంచున ఉండే బటన్ నొక్కి దాని సొంత మెనూ తెప్పించినా తెలుస్తుంది. ఆ మెనూ మీద కూడా గీతలుంటే తెరే పోయినట్లు. తెర పలక మార్చే ఖర్చు కొత్త మానిటరుకు దగ్గరగా పోతుంది కనుక అక్కడ డబ్బు పెట్టడం దండుగ.

తెర నల్లగా ఉన్నా చీకటి గదిలో టార్చిలైటు ఏటవాలుగా వేసి చూస్తే ఒక్కోసారి బొమ్మ మసకగా కనిపిస్తుంది. అంటే బొమ్మ ఉంది, వెనుక దీపం పోయింది. ఈ ఒక్క మాట మెకానిక్‌తో చెప్పగలిగితే అతని పని సగం తగ్గుతుంది, బిల్లు కూడా.

నల్ల దుమ్ము, మే ఎండ

ఓపెన్ కాస్టు గనుల చుట్టుపక్కల ఊళ్లలో, బొగ్గు లారీలు నడిచే రోడ్ల వెంట ఇళ్లలో కిటికీ ఊచ మీద వేలు పెట్టి గీస్తే నల్లటి గీత పడుతుంది. అదే దుమ్ము కంప్యూటరు ఫ్యాను లోపలికి లాగుతుంది. వానాకాలం తేమకు అది అంటుకొని పేరుకుంటుంది. ఫ్యాను రెక్కల సందులు మూసుకుపోతాయి. ఎండాకాలంలో ఈ బెల్టులో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కదా. రేకుల షెడ్డు కింద, కూలర్ లేని గదిలో డబ్బా లోపల వేడి ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పొద్దున బాగా నడిచి, మధ్యాహ్నం అరగంటకే బొమ్మ ఆగిపోతున్నదంటే వేడినే అనుమానించాలి. ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి నడక తగ్గిస్తుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు.

దుమ్ము చేసే మరో పని మెమరీ పలక దగ్గర. ఫ్యాను తిరుగుతూ, తెర నల్లగా ఉండి, లోపల నుంచి "బీప్ బీప్" అని ఆగకుండా మోత వస్తే చాలా పాత డబ్బాలలో దానర్థం ర్యామ్ సరిగా కూర్చోలేదని. కొత్త డబ్బాలలో ఆ బీప్ కొట్టే చిన్న స్పీకరే ఉండటం లేదు, కాబట్టి నిశ్శబ్దంగా ఉన్నా ఇదే అనుమానించవచ్చు. ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టి లోపల నిలవున్న కరెంటు పోగొట్టాలి. పక్క రేకు విప్పి, డబ్బా ఇనుమును ఒకసారి చేత్తో తాకి, ర్యామ్ పలకను రెండు కొసల క్లిప్పులు వదులు చేసి తీయాలి. దాని బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి, క్లిప్పులు టక్కుమని పడేదాకా నొక్కి పెట్టాలి. ఇది చేతకాదని భయపడేవారు చేయనక్కర లేదు గాని, ఇంటర్ చదివే పిల్లలు ఎవరైనా చేయగల పని. తడి గుడ్డ మాత్రం లోపల ముట్టించరాదు.

ముట్టరానివి రెండున్నవి. తీగలన్నీ పుట్టే ఇనుప డబ్బీ, దాన్నే ఎస్ఎంపీఎస్ అంటారు. ప్లగ్గు పీకినా కొంతసేపు దానిలో కరెంటు నిలవ ఉంటుంది. రెండవది వెనుక పెద్ద మూపురంతో ఉండే పాతకాలపు మానిటరు. దాని లోపల గాజు గొట్టానికి ఇరవై వేల వోల్టులకు పైబడి అందుతుంది. ఆపేసిన తరువాత కూడా కొంత నిలవ ఉంటుంది. తెలిసిన మెకానిక్ తప్ప దాన్ని ఎవరూ విప్పరాదు.

ఎర్తు సంగతి కూడా చెప్పుకోవాలి. ప్లగ్గుకు మూడో కాలు విరగ్గొట్టి రెండు రంధ్రాల బోర్డులో పెట్టడం మన ఇళ్లలో అలవాటే. అటువంటి ఇళ్లలో డబ్బా ముట్టుకుంటే చేతికి జుమ్మంటుంది, స్పీకర్లలో "బుయ్" మని మోత. మెకానిక్ ఎన్ని డబ్బులు తీసుకున్నా ఆ మోత పోదు, ఎందుకంటే జబ్బు కంప్యూటరులో లేదు, గోడలో ఉంది. పిడుగుల రోజున ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ తీగ కూడా పీకాలి. చాలామంది మొదటిది పీకి రెండవది మరిచిపోతారు. పిడుగు దెబ్బ ఆ తీగ గుండా కూడా వస్తుంది.

మాట పెగలకపోతే

శబ్దం రాకపోవడంలో నిజంగా చెడిపోయినవి తక్కువ, దారి తప్పినవి ఎక్కువ. కొత్త మానిటరు తెచ్చి హెచ్‌డీఎంఐ తీగతో తగిలించిన మర్నాడే పాట ఆగిపోయిందని ఫిర్యాదు చేసేవారున్నారు. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోస్తుంది. కంప్యూటరు తన శబ్దాన్ని ఆ తెరకే పంపేస్తుంది. తెరకు స్పీకరే లేదు. ఇక వినబడేదెట్లా? తెర కింద కుడి మూల స్పీకరు గుర్తు మీద నొక్కి, శబ్దం ఎటు పోవాలో చూపే పట్టీలో పాత స్పీకరు పేరు ఎంచుకుంటే మాట తిరిగి వస్తుంది. పని ఒక్క నిమిషం. బ్లూటూత్ హెడ్‌ఫోను వాడే ఇళ్లలోనూ ఇదే తంతు. పక్క గదిలో ఉన్న హెడ్‌ఫోనులో పాట మోగుతుంటుంది.

స్పీకరు బతికుందా లేదా అని తెలుసుకోవడానికి దాని పిన్నును కంప్యూటరు నుంచి తీసి సెల్‌ఫోనుకు పెట్టి పాట వేయాలి. ఫోనుకు ఆ రంధ్రం లేకపోతే, స్పీకరు ఆన్ చేసి పిన్ను కొసను వేలితో తాకినా "బుర్" మంటుంది. అన్నదంటే స్పీకరు బాగుంది. డబ్బా వెనుక ఆకుపచ్చ రంధ్రం స్పీకరుకు, గులాబీది మైకుకు, నీలం బయటి టేపు లాంటివి తగిలించడానికి. ముందు పక్క రంధ్రాలు పని చేయకపోతే వెనుక వాటిలో పెట్టి చూడాలి. పాత డబ్బాలు కూర్చేటప్పుడు ముందు రంధ్రాల తీగలు లోపల తగిలించకుండానే మూత వేయడం మామూలే.

ఆన్‌లైన్ క్లాసులో, ఇంటర్వ్యూలో అవతలివారి మాట వినబడుతుంది, మనది వారికి వినబడదు. దీనికి రెండు కారణాలు. ఫోను హెడ్‌సెట్ పిన్నుకు మూడు నల్ల గీతలుంటాయి, మైకు కూడా అందులోనే. వేర్వేరు రంధ్రాలున్న పాత కంప్యూటరు దాన్ని సగమే అందుకుంటుంది. రెండు తోకల జాయింటు ఒకటి కొంటే తీరుతుంది. రెండవ కారణం అనుమతి. విండోస్ సెట్టింగులలో ప్రైవసీ అనే చోట మైక్రోఫోన్ అనుమతి ఆపి ఉంటే మైకు ఎంత మంచిదైనా నోరు కట్టేసినట్లే. హైదరాబాదు కంపెనీ ఇంటర్వ్యూకు ఇంటి నుంచి కూర్చునే నిరుద్యోగులు ముందు రోజు రాత్రే దీన్ని చూసుకోవాలి, పిలుపు వచ్చిన తరువాత కాదు.

తీగలు, మీటలు అన్నీ సరిగా ఉండీ పని చేయకపోతే డ్రైవరును చూడాలి. ఇది యంత్రానికీ విండోస్‌కూ మధ్య దుబాసీ వంటిది. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి బటన్ నొక్కితే డివైస్ మేనేజర్ అని కనబడుతుంది. దానిలో పసుపు ముక్కోణం పడిన చోటే జబ్బు. తెర విషయంలో అక్కడ కార్డు పేరుకు బదులు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు డ్రైవరు లేదన్న మాట. అక్షరాలు లావుగా, మసకగా రావడం దాని వల్లే. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడు మాట పోతే అక్కడే "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కి పాత దుబాసీని వెనక్కి పిలవవచ్చు. కొత్తది కావాలంటే కంప్యూటరు తయారీదారు సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి.

ఇక్కడే మోసం కూడా పొంచి ఉంది. ఇంటర్నెట్‌లో వెదికి దొరికిన "కస్టమర్ కేర్" నంబరుకు ఫోను చేస్తే అవతలివాడు తియ్యగా మాట్లాడి, మన తెర తనకు కనబడే ప్రోగ్రాము ఒకటి వేయిస్తాడు. తరువాత బ్యాంకు ఖాతా తెరవమంటాడు. స్పీకరు బాగు చేయడానికి బ్యాంకు ఖాతాతో పని ఏమిటి? డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ దొరికే ఆశ తగ్గుతుంది.

అన్నిటికీ ఒకటే మందా?

"ఫార్మాట్ కొట్టాలి" అన్న మాట వినని కంప్యూటరు ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదేమో. మాట రాకపోయినా, బొమ్మ వణికినా, ప్రింటరు కదలకపోయినా కొందరు చెప్పే మందు అదొక్కటే. కాలికి ముల్లు గుచ్చుకుంటే కాలు తీసేయడం వంటిది ఇది. ఫార్మాట్ చేస్తే మళ్లీ మొదటి నుంచి అన్నీ ఎక్కుతాయి కనుక శబ్దం రావచ్చు. కాని దానితో పాటు ఇంట్లో పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, చనిపోయిన పెద్దల గొంతు రికార్డులు తుడిచిపెట్టుకుపోతాయి. కారుణ్య నియామకం కోసం సంవత్సరాలుగా కాగితాలు కూడగట్టుకున్న ఇళ్లు సింగరేణి బెల్టులో ఉన్నవి. ఆ కాగితాల కాపీలు ఇటువంటి డబ్బాలోనే ఉంటే, ఒక స్పీకరు కోసం వాటిని పోగొట్టుకోవడం ఎంతటి నష్టం!

మెకానిక్ ఫార్మాట్ అనగానే మూడు అడగాలి. డ్రైవరు ఒక్కటి తీసి వేసి చూశారా? సీ డ్రైవ్ మాత్రమేనా, డీ డ్రైవ్ కూడానా? డెస్క్‌టాపు మీద, డాక్యుమెంట్లలో ఉన్నవి ఎక్కడ పెడతారు? చాలామందికి తెలియని సంగతి ఏమంటే డెస్క్‌టాపు మీద కనబడేవన్నీ మామూలుగా సీ డ్రైవ్ లోనివే. నిజాయితీగా పని చేసే మెకానిక్‌లు బజారులో ఉన్నారు, వారు అడగకముందే పెన్‌డ్రైవ్ తెచ్చుకొమ్మంటారు. వారి సంఖ్య మరికొంత పెరగాలి.

తెలుగు అక్షరాల గోడు కూడా తెర జబ్బుల లోనిదే. డీటీపీ సెంటరులో అను ఫాంటులో కొట్టించిన దరఖాస్తును ఇంటికి తెచ్చి తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడతాయి. కంప్యూటరు చెడలేదు, ఆ ఫాంటు మన దగ్గర లేదు. తెలుగుకు యూనికోడ్ పద్ధతిలో 1991 లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, ఆ తరువాతి వాటితో వాణి, నిర్మల ఫాంటులు వచ్చినవి. యూనికోడ్‌లో కొట్టించుకుంటే ఏ ఇంట్లోనైనా అక్షరం అక్షరంగానే కనబడుతుంది. సెంటరువారు అలా ఇవ్వలేమంటే కనీసం పీడీఎఫ్ చేసి ఇమ్మని అడగాలి.

పాత డబ్బా గతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ రోజున కంప్యూటర్లేమీ ఆగిపోలేదు, పాత డ్రైవర్లతో బొమ్మ, మాట మునుపటి లాగానే వస్తున్నవి. భద్రత మరమ్మతులు మాత్రం మామూలుగా అందవు, కనుక బ్యాంకు పనులకు అటువంటి డబ్బా వాడకపోవడం మేలు. కరోనా నాడు కొన్న పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కే అర్హత లేదు. అడ్డదారిలో ఎక్కించి, ఆపైన శబ్దం రావడం లేదని తిరిగేవారున్నారు. చదువుకు, నమూనా పరీక్షలకు మాత్రమే అయితే ఉచితంగా దొరికే ఉబుంటు వంటివి ఎక్కించుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, బొమ్మ, మాట సరిగా వస్తున్నాయో లేదో ముందే చూసుకొనే వీలు కూడా దానిలో ఉంది.

ఇక ఎంత చేసినా లేవని డబ్బాలు పాత సామాన్ల బండికి పోతున్నవి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇవి రిజిస్టరైన రీసైక్లింగు సంస్థలకు చేరాలి. మూపురం మానిటరు గాజులో సీసం ఉంటుంది. రాగి కోసం తీగలు కాల్చే చోట ఆ పొగ పక్క ఇళ్లకు పోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని కంపెనీ దుకాణంలో అడగడం మంచిది.

ఎవరికి ఇచ్చినా హార్డ్‌డిస్కు మాత్రం విప్పి ఉంచుకోవాలి. పక్క రేకు తీస్తే నాలుగు మరలు, రెండు తీగలు, అంతే. యూఎస్‌బీ కేసు ఒకటి కొని అందులో పెడితే అదే పెన్‌డ్రైవ్‌లా ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది, తెర నల్లబడిన డబ్బాలో చిక్కుకున్న ఫొటోలతో సహా.